పాత కారు మీటర్ బోర్డులో ఎర్ర దీపాలు: లక్షణం, కారణం, పరిష్కారం

పాత మారుతి 800నో, ప్రీమియర్ పద్మినినో కొనుక్కుని సెలవు రోజుల్లో బాగుచేసుకునేవారికి నేను ముందుగా చెప్పేది వెలగని దీపం గురించి. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఆగండి. ఆయిల్ దీపం, ఛార్జింగ్ దీపం రెండూ ఎర్రగా వెలగాలి. ఇంజన్ అందుకున్న కొద్ది క్షణాల్లో రెండూ ఆరిపోవాలి. నాలుగైదు చేతులు మారిన కారులో ఏదైనా ఒకటి అసలు వెలగకపోతే సంతోషించకండి. బల్బు మాడిపోయి ఉండవచ్చు, లోపం కనిపించకుండా ఎవరో దాన్ని పీకేసి ఉండవచ్చు. మిగతా పరీక్షలన్నీ దీని తరువాతే.

ఆయిల్ దీపం వెలగడం లేదు

ఇంజన్ బ్లాకుకు బిగించిన ఆయిల్ ప్రెషర్ స్విచ్ నుంచి ఒకే ఒక వైరు వస్తుంది. తాళం తిప్పి ఉంచి, ఆ వైరు ఊడదీసి, దాని కొనను ఇంజన్ మీద రంగు లేని శుభ్రమైన ఇనుముకు తాకించండి. దీపం వెలిగితే స్విచ్ పోయినట్టు. వెలగకపోతే బల్బో, ఫ్యూజో, దారిలో వైరో పోయినట్టు.

ఇంజన్ వేడెక్కాక, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఆయిల్ దీపం మినుకుమంటోంది

ఇక్కడ తొందరపాటు పనికిరాదు, నిర్లక్ష్యం అంతకన్నా పనికిరాదు. మొదట కారును చదునైన చోట ఆపి, కొన్ని నిమిషాల తరువాత నూనె మట్టం చూపే డిప్‌స్టిక్ తుడిచి చూడండి. నూనె తక్కువైతే సరైన గ్రేడు పోసి, ఎక్కడ కారుతోందో వెతకండి. నూనె సరిపడా ఉంటే వైరు ఊడదీసి గాలిలో ఉంచండి. అప్పటికీ దీపం వెలుగుతుంటే వైరు ఎక్కడో ఒరుసుకుపోయి బాడీకి తగులుతోంది. ఆరిపోతే సందేహం స్విచ్ మీదా ప్రెషర్ మీదా మిగులుతుంది.

ఈ రెండిటి మధ్య తేల్చేది ప్రెషర్ కొలిచే మెకానికల్ గేజి ఒక్కటే. స్విచ్ విప్పి, అదే రంధ్రంలో గేజి బిగించి, ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి చూడాలి. కంపెనీ మాన్యువల్‌లో చెప్పినంత ప్రెషర్ ఉంటే స్విచ్ మార్చితే చాలు. పాత స్విచ్‌ను వెంట తీసుకుని, హైదరాబాద్‌లో అయితే పుత్లీబౌలిలోనో రాణిగంజ్‌లోనో విడిభాగాల దుకాణాలకు వెళ్ళండి. పైకి ఒకేలా కనిపించినా థ్రెడ్ వేరుగా ఉండే స్విచ్‌లు ఉంటాయి, బలవంతంగా తిప్పితే బ్లాకు పాడవుతుంది. ప్రెషర్ నిజంగానే తక్కువైతే సంపు (ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి) దించి, నూనె వడకట్టే స్ట్రెయినర్ కడిగి, ఆయిల్ పంపు, క్రాంక్ బేరింగుల అరుగుదల కొలిపించాలి. చిక్కటి నూనె పోసి దీపాన్ని ఆర్పమని కొందరు సలహా ఇస్తారు. నేను దానికి ఒప్పుకోను, అరుగుదల అలాగే ఉంటుంది, తెలియజేసే దీపం మాత్రం నోరు మూసుకుంటుంది.

నడుస్తుండగా ఈ దీపం నిలకడగా వెలిగితే వెంటనే ఎడమకు తీసుకుని ఇంజన్ ఆపండి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకు పైగా సాగే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఉంటే ‘దిగాక చూద్దాం’ అనిపిస్తుంది. నూనె ప్రెషర్ లేని బేరింగులు అంత దూరం ఓర్చుకోవు. హజార్డ్ లైట్లు వేసి, లాగే బండికి ఫోన్ చేయండి.

ఛార్జింగ్ దీపం ఆరడం లేదు

ఆల్టర్నేటర్‌ను (బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రాన్ని) తిప్పే బెల్టు చూడండి. తెగిందా, వదులైందా, నూనె తగిలి జారుతోందా? మారుతి 800లో లాగా నీటి పంపు కూడా అదే బెల్టుతో తిరిగే ఇంజన్ అయితే, బెల్టు తెగాక నడపడం ఇంజన్‌ను ఉడకబెట్టడమే. బెల్టు బాగుంటే బ్యాటరీ మీద మల్టీమీటర్ పెట్టండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. పెరగకపోతే ఆల్టర్నేటర్ బ్రష్‌లు, రెగ్యులేటర్ పరీక్షించాలి. మన మెకానిక్‌లు చాలామంది ఆల్టర్నేటర్‌నే డైనమో అంటారు.

హెడ్‌లైట్లు వేసినప్పుడు దీపం మసకగా వెలిగితే డయోడ్ పోయి ఉండవచ్చు, కనెక్షన్లలో చిలుము ఉండవచ్చు. ఇంజన్ నడుస్తూ లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య వోల్టేజి కొలవండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ పట్టీ (బ్యాటరీ మైనస్‌ను బాడీకి, ఇంజన్‌కు కలిపే పట్టీ) విప్పి, రెండు కొనలూ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించండి. ఖర్చు దాదాపు లేదు.

ఇంకో సంగతి. మీటర్ బోర్డులో అన్ని బల్బులూ ఎల్ఈడీకి మార్చాక ఛార్జింగ్ ఆగిపోయిందని కొందరు తల పట్టుకుంటారు. చాలా పాత ఆల్టర్నేటర్లు మొదట మేల్కొనడానికి ఛార్జింగ్ దీపం గుండా వచ్చే కరెంటు కావాలి. ఎల్ఈడీ అంత కరెంటు పోనివ్వదు. ఆ ఒక్క స్థానంలో పాత రకం తంతి బల్బే పెట్టండి.

వానాకాలంలో ఒక ఇండికేటర్ వేస్తే మరో దీపం మిణుకుతోంది

మీటర్ బోర్డు ఎర్త్ వైరు పట్టు తప్పింది. నీళ్ళు నిలిచిన రోడ్ల మీద నడిచిన కారులో అయితే డాష్‌బోర్డు కింది కనెక్టర్లు కూడా విప్పి చూడండి. రాగి పిన్నుల మీద పచ్చగా చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, ఆరబెట్టి, తిరిగి కలపండి.

మలుపుల్లో బ్రేక్ దీపం వెలిగి ఆరుతోంది

బ్రేక్ ఆయిల్ తగ్గి, మలుపులో పక్కకు ఒరిగినప్పుడు ఆయిల్ డబ్బాలో తేలే బిళ్ళ కిందికి దిగుతోంది. వెంటనే సీసా తీసి పోయకండి. ప్యాడ్లు అరిగితే మట్టం కొంత తగ్గడం సహజం, కాబట్టి ముందు వాటి మందం చూడండి. తరువాత వెనుక చక్రాలు ఊడదీసి డ్రమ్ములు తెరవండి. వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు అంచును వేలితో ఎత్తి చూస్తే, కారుతున్న సిలిండర్‌లో లోపల తడి తగులుతుంది. అలాంటప్పుడు రెండు పక్కల సిలిండర్లూ మార్చి, నూనెలో నానిన బ్రేక్ షూలు పారేసి, డబ్బా మూత మీద రాసిన గ్రేడు ఆయిల్ కొత్త సీసా నుంచి పోసి, నాలుగు చక్రాల బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయించండి. పెడల్ గట్టిగా నిలిచేదాకా కారును వీధిలోకి తీయవద్దు.