పురుగుల యుద్ధం సినిమాని డాబా మీద ఎలా చూడాలి

1997లో వచ్చిన ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ అంటే నాకు ప్రాణం. కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. చదువు ముగించిన కుర్రాళ్ళూ అమ్మాయిలూ సైన్యంలో చేరతారు, ఎక్కడో వేరే గ్రహం మీద ఎద్దుకంటే పెద్ద పురుగులతో పోరాడతారు. చాలామంది చచ్చిపోతారు. మిగిలినవాళ్ళు గెలిచామని కేకలు వేస్తారు. మాటలన్నీ గట్టిగా ఉంటాయి, నటన బిగుసుకుపోయి ఉంటుంది, రక్తానికి లోటుండదు. “చెత్త సినిమా” అని మధ్యలో లేచిపోయినవాళ్ళని చూశాను. “అబ్బ, ఏం ఫైటింగులు!” అని మెచ్చుకుని అక్కడితో ఊరుకున్నవాళ్ళనీ చూశాను. ఇద్దరికీ సగం సినిమాయే దక్కింది. మొత్తం దక్కాలంటే కొంచెం ఏర్పాటు కావాలి.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని. పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడుండేది విజయనగరం కంటోన్మెంటులో. మా పెద్దన్నయ్య ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. మా వైపు ఊళ్ళలో గోడ మీద యూనిఫాం ఫోటో ఉన్న ఇళ్ళు వీధికి నాలుగైనా ఉంటాయి. యుద్ధాన్ని వెక్కిరించే సినిమాని ఇలాంటి చోట వేస్తున్నప్పుడు పక్కన ఎవరు కూర్చుంటున్నారన్నది ముఖ్యం.

ఒక్కరే చూడకండి. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు ఒకరు ఉండాలి. సెలక్షన్లకి పరిగెడుతున్న కుర్రాడు ఒకడు ఉండాలి. ఈ రెండింటితో సంబంధం లేకుండా సినిమా కోసం వచ్చే మనిషి ఒకరుంటే ఇంకా మంచిది. చిన్నపిల్లల్ని మాత్రం పడుకోబెట్టేయండి. చేతులు తెగిపడతాయి, తలలు నలిగిపోతాయి, ఆడా మగా కలిసి స్నానం చేసే సీనొకటి ఉంది. మావగారి వయసు పెద్దవాళ్ళు పక్కనుంటే ఆ సీను దగ్గర అందరూ ఫోన్లలోకి చూసుకుంటారు, అక్కడే ఒక ముఖ్యమైన ముక్క జారిపోతుంది. అదేంటో తర్వాత చెబుతాను.

డాబా మీదైతే తెల్ల పంచె కట్టి ప్రొజెక్టర్ వేసుకోండి. వానాకాలం వద్దు, లైటుకి ఉసిళ్ళు వచ్చి తెర నిండా కమ్ముకుంటాయి. సౌండు బాక్సు మంచిది తెచ్చుకోండి. బేసిల్ పొలెడూరిస్ ఇచ్చిన సంగీతం చిన్న స్పీకర్లో చచ్చిపోతుంది, ఆ బాకాలూ డప్పులూ గుండెకి తగిలితేనే సినిమా పని చేస్తుంది. ఇంగ్లీషులోనే చూడండి, కింద అక్షరాలు పెట్టుకోండి. ఇందులో వార్తలు చదివే గొంతు చాలా కీలకం, ఆ గొంతులోని హుషారు పోకూడదు. తినడానికి ముంత మసాలా, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు చాలు. పులుసూ గ్రేవీ ఉన్నవేవీ పెట్టకండి, చివర్లో ఒక పురుగు మనిషి మెదడు పీల్చుకుంటుంది. నిడివి రెండు గంటల పది నిమిషాలు, కాబట్టి తొమ్మిదికల్లా మొదలెట్టేయండి.

ఇక చూడటం. మన బుర్రకథలో కథకుడు తంబురా పట్టుకుని వీరుణ్ణి పొగుడుతుంటే, పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకతను హాస్యం ఆడతాడు, ఇంకొకతను లోకంలో జరుగుతున్నది ఎత్తి పొడుస్తాడు. ఈ సినిమాలో కథకుడొక్కడే ఉన్నాడు. ఆయన యుద్ధం ఎంత గొప్పదో, చావడం ఎంత అందమో మొదటి నుంచి చివరిదాకా కన్నార్పకుండా చెబుతాడు. హాస్యగాడూ లేడు, రాజకీయం మాట్లాడేవాడూ లేడు. ఆ రెండు చోట్లూ మనకోసం ఖాళీగా వదిలేశారు. అమెరికాలో విడుదలైనప్పుడు కొందరు విమర్శకులు ఆ ఖాళీని చూడక, ఇది నియంతల్ని పొగిడే సినిమా అని రాసేశారు.

అలాగని మొదటి నిమిషం నుంచే ఎగతాళి మొదలుపెట్టకండి. వంత ముందు కథలో పడాలి. రికో అనే కుర్రాడికి కార్మెన్ అంటే ఇష్టం. డిజ్జీకి రికో అంటే ఇష్టం. కార్మెన్ పైలట్ అవుతానని వెళితే రికో ఆమె వెనకే పోయి సైన్యంలో చేరతాడు, లెక్కల్లో మార్కులు చాలక కాలిబలంలో పడతాడు. మన మాస్ సినిమా మొదటి సగం లాగే ఆనందించండి. ఈలలు వెయ్యండి. డిజ్జీ మీద జాలిపడండి. పురుగులు కొండల మీద నుంచి వరదలా దిగివస్తుంటే అరవండి. ఆ పురుగుల్ని తయారుచేసిన ఫిల్ టిప్పెట్ బృందం పనికి ఆ ఏడాది ఆస్కార్ నామినేషన్ వచ్చింది, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మీరు మనస్ఫూర్తిగా అరిచి ఉంటేనే తర్వాత మాట్లాడుకోవడానికి ఏమైనా ఉంటుంది.

నా పద్ధతి ఒకటుంది. ఫైటింగు మధ్యలో ఎవరు అడిగినా ఆపను. మధ్యమధ్య ప్రభుత్వ వార్తలు వస్తాయి చూడండి, “ఇంకా తెలుసుకోవాలనుందా?” అని అడుగుతూ, అక్కడ ఆపుతాను. సినిమా అంతా ఆ వార్తల్లోనే ఉంది. సైనికులు చిన్నపిల్లల చేతుల్లో తుపాకీ పెట్టి, తూటాలు పంచుతారు, పిల్లలు వాటికోసం తోసుకుంటారు. హంతకుణ్ణి పొద్దున్న పట్టుకుని, అదే రోజు శిక్ష వేసి, సాయంత్రం మరణశిక్ష అమలుని టీవీలో చూపిస్తామంటారు. పురుగు ముందు ఆవుని పెట్టి, చంపే చోట మాత్రం తెరకి నల్లపట్టీ వేస్తారు. మనుషులు ముక్కలైనప్పుడు ఆ పట్టీ ఉండదు! పిల్లలు వీధిలో బొద్దింకల్ని తొక్కి చంపుతుంటే పక్కనున్న తల్లి చప్పట్లు కొడుతూ పగలబడి నవ్వుతుంది. అక్కడ ఆపి, తెర మీద ఆమె ముఖాన్ని కాసేపు అలాగే ఉంచండి. ఏమీ అనక్కర్లేదు.

ఇంకో వార్త కళ్ళు మూసి తెరిచేలోపు పోతుంది, దాన్ని పట్టుకోండి. వద్దన్నా వినకుండా కొందరు మనుషులు పురుగులుండే ప్రాంతంలోకి వెళ్ళి ఊరు కట్టుకున్నారు, అక్కడ చచ్చిపోయారు. అంటే ముందు వెళ్ళింది మనుషులే. పురుగుల గ్రహం మీద దాడికి ముందు ఒక విలేఖరి కూడా, వాటి చోటులోకి మనం వెళ్ళడం వల్లే ఇదంతా వచ్చిందని కొందరు అంటున్నారని చెబుతాడు. రికో వచ్చి కెమెరాలోకి “అన్నిటినీ చంపేయాలి” అని అరుస్తాడు, ఆ ప్రశ్న అక్కడితో మాయం. రికో సొంత ఊరు బ్యూనస్ ఎయిరెస్. ఆకాశం నుంచి రాయి పడి ఆ ఊరు ఊరంతా పోయింది, తల్లీ తండ్రీ పోయారు, వాడి కోపం నిజమైనదే. రాయి పురుగులే విసిరాయని వార్త చెబుతుంది. కానీ అవి భూమి వైపు ఆ రాయి తోసిన దృశ్యం సినిమా మొత్తంలో లేదు. ఈ సంగతి మీరు చెప్పకండి. “విసరడం నువ్వు చూశావా?” అని ఆ సెలక్షన్ల కుర్రాణ్ణి అడగండి. మా మేనల్లుణ్ణి అడిగితే వెనక్కి తిప్పి వెతికాడు.

సైనికుల శరీరాల్ని గమనించండి. పాఠం చెప్పే మాస్టారికి ఒక చెయ్యి లేదు. సంతకం పెట్టించుకునే ఆఫీసరు రికో చెయ్యి ఊపి, కాలిబలమే నన్నింతవాణ్ణి చేసిందని సంతోషంగా చెబుతాడు, కుర్చీ వెనక్కి జరిపితే రెండు కాళ్ళూ ఉండవు. మా అన్నయ్య అక్కడ పెద్దగా నవ్వాడు, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. మళ్ళీ మాట్లాడింది పురుగుల గ్రహం క్లెండాతు మీద దాడిలో. “ఆర్టిలరీ ఏదే చెల్లీ? ట్యాంకులేవీ? ఒకడి వెనకాల ఒకడు నిలబడి అందరూ కాలుస్తన్నారు, ఈ గుంటల్ని ఇలా తోలేసిన ఆఫీసరెవడు?” అన్నాడు. సినిమావాళ్ళ చేతగానితనంగా కనిపించే ఈ తప్పే నా లెక్కలో సినిమా చెప్పే అసలు మాట. వాళ్ళని పంపినవాళ్ళకి వాళ్ళ ప్రాణాల లెక్క లేదు. గంటలో లక్షమంది చనిపోయారని వార్త చదువుతుంది. పెద్ద దళపతి రాజీనామా చేస్తాడు, కొత్తావిడ వస్తుంది, యుద్ధం సాగుతుంది.

అందుకే ఈ సినిమా జవాన్లని వెక్కిరించదని నేను గట్టిగా చెబుతాను. స్నానం సీను దాటవేయొద్దన్నది ఇందుకే. ఎందుకు చేరావని ఒకళ్ళనొకళ్ళు అడుగుతారక్కడ. ఒకడికి పెద్ద చదువుకి సైన్యం డబ్బు కడుతుంది. ఒకమ్మాయికి పిల్లల్ని కనడానికి లైసెన్సు సులువుగా దొరుకుతుంది. ఇంకొకళ్ళకి రాజకీయాల్లోకి వెళ్ళాలనుంది. ఆ లోకంలో సైన్యంలో పనిచేసినవాళ్ళకే ఓటు, మిగిలినవాళ్ళు పన్నులు కట్టుకుని బతకాలి. శ్రీకాకుళంలో కోడి రామమూర్తి స్టేడియం దగ్గర ర్యాలీకి వచ్చిన కుర్రాళ్ళని అడగండి. చెల్లి పెళ్ళి అంటారు, ఇంటి అప్పు అంటారు, దేశం అనీ అంటారు. 1600 మీటర్ల పరుగు కోసం చీకటితో లేచి రోడ్డెక్కే పిల్లలు వీళ్ళు. వీళ్ళకి ఓటు ఎవరూ ఎరగా చూపక్కర్లేదు, పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు. ఆ వయసు ఇరవై ఒకటి నుంచి తగ్గించింది 61వ రాజ్యాంగ సవరణ, 1989లో అమల్లోకి వచ్చింది. క్లాసులో ఈ పాఠం చెబితే ఆవలించే పిల్లలు ఈ సినిమా తర్వాత చెబితే విన్నారు.

అయిపోయాక లైటు వేసి, అప్పుడు చెప్పండి దర్శకుడి సంగతి. పాల్ వెర్‌హోవెన్ 1938లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. చిన్నతనం ది హేగ్ నగరంలో జర్మన్ సైన్యం ఆక్రమణలో గడిచింది. జర్మన్లు అక్కడి నుంచి రాకెట్లు వదులుతుంటే, ఆపడానికి వచ్చిన మిత్రపక్షాల విమానాలు 1945 మార్చిలో గురి తప్పి జనం ఇళ్ళ మీదే బాంబులు వేశాయి. మంచివాళ్ళనుకున్నవాళ్ళ బాంబులు నెత్తిన పడ్డ ఊరి పిల్లాడు తీసిన సినిమా ఇది. కథానాయకుడి స్నేహితుడు చివర్లో వేసుకొచ్చే పొడుగు కోటు నాజీ అధికారుల కోటుని గుర్తుచేయడం యాదృచ్ఛికం కాదు. దీనికి ఆధారం రాబర్ట్ హైన్‌లైన్ 1959లో రాసిన నవల, అది సైన్యాన్ని నిజంగానే గౌరవించి రాసింది. దర్శకుడు దాన్ని పూర్తిగా చదవలేకపోయానని చెప్పాడు. స్క్రీన్‌ప్లే ఎడ్వర్డ్ న్యూమియర్‌ది. వీళ్ళిద్దరూ కలిసి చేసిన 1987 నాటి ‘రోబోకాప్’లోనూ వార్తలూ ప్రకటనలూ ఇదే పని చేస్తాయి, ఇది నచ్చితే తర్వాత అది వేసుకోండి. ఈ సినిమాకే వచ్చిన రెండో భాగం, మూడో భాగం వదిలేసినా నష్టం లేదు.

ఇదంతా ముందే చెప్పేస్తే అందరూ తెలివిగా కూర్చుంటారు, ఎవరూ అరవరు.

కబుర్లు సాగుతున్నప్పుడు నేను మన కళింగాన్ని ముందుకి తెస్తాను. అశోకుడు తన పదమూడో శిలాశాసనంలో కళింగ యుద్ధంలో లక్షమంది హతమయ్యారని, లక్షన్నరమందిని తరలించారని, తనకి పశ్చాత్తాపం కలిగిందని చెక్కించాడు. కళింగంలోనే ఉన్న ధౌలీ, జౌగడ శాసనాల దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ శాసనం లేదు. దాని బదులు వేరే శాసనాలు చెక్కించారు. చచ్చిన లెక్క దూరాన ఉన్నవాళ్ళకి చెప్పారు, చచ్చినవాళ్ళ ఊళ్ళో చెప్పలేదు. ఎందుకై ఉంటుందో డాబా మీద అందరూ తలా ఒకటి చెబుతారు. ఎవరో ఒకరు తప్పకుండా బొబ్బిలి ఎత్తుతారు. 1757 జనవరి 24న బొబ్బిలి కోటలో జరిగినదాన్ని చిన్నప్పటి నుంచి కథగా విని ఒళ్ళు పులకరించినవాళ్ళమే కదా అందరం. ఆ కథలో ఫ్రెంచి తుపాకులు విజయనగరం పక్షాన నిలబడ్డాయి. మా విజయనగరంవాళ్ళూ బొబ్బిలివాళ్ళూ ఒకే డాబా మీద ఉంటే ఆ మాట దగ్గర కాస్త వేడెక్కుతుంది. వేడెక్కనివ్వండి. ఎవరు కథ చెబితే ఎవరు వీరుడవుతాడన్నది ఈ సినిమా వేసిన ప్రశ్నే.

ఇంకో మాట అడగండి అందరినీ: ఎక్కడ చప్పట్లు కొట్టారు? చివర్లో ఆ మెదడు పీల్చే పురుగుని వలలో పట్టి బయటికి లాగుతారు. కోటు స్నేహితుడు దాని మీద చెయ్యి పెట్టి, “భయపడుతోంది” అంటాడు. సైన్యమంతా ఆనందంతో కేకలు వేస్తుంది. ఎదుటి జీవి భయపడుతోందని తెలిసి వేసిన కేకలవి. డాబా మీద కూడా వేసే ఉంటారు. వేసినందుకు ఎవర్నీ తప్పుపట్టకండి, సంగీతం వేయించింది. ఎక్కడ వేశారో గుర్తుపెట్టుకోమని చెప్పండి చాలు.

వీలైతే నెల తిరిగేలోపు రెండోసారి చూడండి. ఈసారి ఎక్కడా ఆపొద్దు, రికో తల్లిదండ్రుల మీద కన్నుంచండి. కొడుకు సైన్యంలో చేరతానంటే ఒప్పుకోనివాళ్ళు కథలో వాళ్ళిద్దరే, సరదాగా ఊరు తిరిగి రమ్మని సెలవుల టిక్కెట్టు ఇవ్వజూపుతారు. శిక్షణలో రికో కింద పనిచేసే కుర్రాడొకడు చనిపోతాడు, అందుకు రికోకి కొరడా దెబ్బలు పడతాయి, ఇంక చాలని మానేసి ఇంటికి ఫోన్ చేస్తాడు. వచ్చేయమంటారు. మాట మధ్యలో అక్కడ ఆకాశం నల్లబడుతుంది, లైను తెగిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు ఆ సీను రికో ప్రతీకారానికి కారణంలా కనిపించి దాటిపోతుంది. రెండోసారి మా అన్నయ్య ఆ ఒక్కచోటే ఆపమన్నాడు, ఆ తల్లి ఏమందో మళ్ళీ వెయ్యమని.