విసుగొచ్చి దేశం దాటాలనుకుంటే ముందు ఈ కాగితాలు చూడండి

పాలకుల మాటలు విని విని, "ఇక ఇక్కడ లాభం లేదు" అనుకుని బయటి దేశంలో ఉద్యోగం వెతుక్కుంటున్నారా? కోపం సరే, కాంట్రాక్టు మాత్రం చల్లగా కూర్చుని చదవండి. మొత్తం జీతం అంకె చూసి పొంగిపోవద్దు. మూలవేతనం ఎంత, అలవెన్సులు ఎంత అని విడివిడిగా రాయించుకోండి; ఓవర్‌టైమ్ చాలాచోట్ల మూలవేతనం మీదే లెక్కకడతారు. తిరుగు టికెట్ ఎవరు కొనాలి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? నేనైతే ముందు ఆ లైన్లే వెతుకుతాను.

ఏజెంటు డబ్బు అడిగితే ఆగండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, ప్రైవేటు ఏజెన్సీలు కార్మికుల దగ్గర ఫీజు తీసుకోకూడదు. అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు, కాబట్టి మీ దేశ చట్టం కూడా చూసుకోండి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ దాన్ని ఉద్యోగ వీసాగా మార్చుకోవచ్చని ఎవరైనా అంటే అస్సలు ఒప్పుకోవద్దు.

పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు ఉండాలి. యజమాని దాన్ని తన దగ్గరే ఉంచుకుంటానంటే ఇవ్వకండి. గుర్తింపు పత్రాలు లాక్కోవడం వెట్టిచాకిరీ లక్షణాల్లో ఒకటని అంతర్జాతీయ కార్మిక సంస్థే చెబుతోంది.

అన్నట్టు, విదేశం నుంచి ఓటు వేసే వీలుందేమో బయల్దేరేముందే కనుక్కోండి.