బాలింతకు, పసిబిడ్డకు ఇంట్లోవాళ్లు ఎలా తోడుండాలి?

బిడ్డ పుట్టిందని తెలిస్తే చూడటానికి వచ్చేవాళ్లకు మన దగ్గర కొదవ ఉండదు. వస్తారు, బిడ్డను ఎత్తుకుంటారు, ముక్కు ఎవరిదో కళ్లు ఎవరివో తేలుస్తారు, నాలుగు సలహాలు చెప్పి కాఫీ తాగి వెళ్తారు. ఆ కాఫీ పెట్టింది, గ్లాసులు కడిగింది ఎవరో చాలామంది పట్టించుకోరు. బాలింత ఇంటికి వెళ్లేవాళ్లు ముందు ఆ ఇంటి పనిలో ఒకటి అందుకోవాలి. తల్లికి రెండు గంటలు కంటినిండా నిద్ర దొరికితే, లేచాక ఆమె బిడ్డ ముఖం చూసి నవ్వుతుంది, మాట్లాడుతుంది. పసిబిడ్డ మెదడు ఎదగడానికి ఖరీదైన బొమ్మల కన్నా ఆ మాటలూ నవ్వులే ఎక్కువ అవసరం.

1. వెళ్లేముందే పని అడగండి

"ఏమన్నా కావాలంటే చెప్పమ్మా" అంటే ఎవరూ ఏమీ చెప్పరు. "రేపు మధ్యాహ్నం కూర నేను చేసి పంపిస్తా, బీరకాయ చేయనా, పప్పు చేయనా?" అంటే చెప్తారు. పొత్తిగుడ్డలు ఉతికి ఆరేయడం, పెద్దబిడ్డ ఉంటే బడి నుంచి తీసుకురావడం, టీకా రోజు ఆసుపత్రికి తోడు వెళ్లడం... ఇలాంటివే అసలు సాయం.

దగ్గు, జలుబు, జ్వరం ఉంటే వెళ్లకండి. ఫోన్ చేస్తే చాలు. వెళ్లినా సబ్బుతో చేతులు కడుక్కున్నాకే బిడ్డను ముట్టుకోవాలి. బిడ్డ ముఖం మీద ముద్దులు పెట్టకూడదు.

టంగుటూరు, కొండపి, కందుకూరు వైపు పొగాకు పని చేసేవాళ్లకు మరో మాట. పచ్చాకు తడి నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది. తల్లి ఒంట్లోకి చేరితే పాలలోకీ వస్తుంది. అందుకే పాలిచ్చే తల్లిని ఆకు కొట్టే పనికి, ఆకు గుచ్చే పనికి పిలవకండి. మగవాళ్లు పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ నుంచి వస్తే స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. ఇంట్లో చుట్టా, బీడీ మాట వేరే చెప్పాలా? వరండాలో కూడా వద్దు.

2. పాల విషయంలో తల్లికి ధైర్యం చెప్పండి

పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించాలి. ఆపరేషన్ కాన్పయినా తల్లి, బిడ్డ బాగుంటే పక్కన ఒకరు పట్టుకుని పాలు పట్టించవచ్చు. చిక్కగా, పసుపు రంగులో వచ్చే ముర్రుపాలు పిండి పారబోయొద్దు. రోగాలను అడ్డుకునే శక్తి బిడ్డకు మొదట అందేది వాటి నుంచే.

మొదటి రెండు మూడు రోజులు పాలు కొంచెంగానే వస్తాయి. బిడ్డ పొట్టకు అవి సరిపోతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎవరో ఒకరు "పాలు పడలేదు, డబ్బా తెప్పించండి" అంటారు. ఆ మాటతో తల్లికి టెన్షన్ పెరుగుతుంది, టెన్షన్‌కు పాలు చేపడం ఇంకా ఆలస్యమవుతుంది. డబ్బా కొనేముందు నర్సును పిలిచి బిడ్డ పట్టు చూపించమనండి. బిడ్డ నోరు బాగా తెరిచి, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి తీసుకోవాలి. మొన ఒక్కటే పట్టుకుంటే తల్లికి నొప్పి, బిడ్డకు ఆకలి.

పాలు చాలుతున్నాయో లేదో తెలుసుకోవడం సులువే. మొదటి వారం దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ ఒంటికి పోస్తూ, బరువు పెరుగుతుంటే చాలుతున్నట్టే. పుట్టగానే కాస్త బరువు తగ్గడం మామూలే. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు తిరిగి రావాలి.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏమీ అక్కర్లేదు, మంచినీళ్లు కూడా. మే నెల ఎండల్లో ఒంగోలులో, నెల్లూరులో పెద్దవాళ్లకే నాలుక పిడచగట్టుకుపోతుంటే "పాపం, బిడ్డకు దప్పిక కాదా" అని జేజమ్మలు చెంచాతో నీళ్లు పోయబోతారు. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్లే. ఎండాకాలంలో రెండుసార్లు ఎక్కువ పట్టిస్తే సరిపోతుంది. తేనె అయితే ఏడాది నిండేదాకా నాలుకకు కూడా రాయొద్దు. అందులో ఉండే ఒకరకం బ్యాక్టీరియా బీజాలు పసిపేగుల్లో విషం తయారుచేసి బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెస్తాయి.

3. నీళ్లు పోసే అవ్వతో నెమ్మదిగా మాట్లాడండి

కాళ్లమీద పడుకోబెట్టుకుని నూనె రాసి నీళ్లు పోయడం మంచి అలవాటే. మెత్తగా ఒళ్లు మర్దిస్తే బిడ్డ హాయిగా నిద్రపోతుంది. చిక్కల్లా దాంతోపాటు వచ్చే పనులతోనే. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయకూడదు. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా వస్తుంది. పసిబిడ్డ రొమ్ములు ఉబ్బినట్టుంటే పిండకూడదు. తల్లి హార్మోన్ల ప్రభావంతో వచ్చిన ఆ ఉబ్బు దానంతటదే తగ్గుతుంది, పిండితే చీము పడుతుంది. సాంబ్రాణి పొగ కింద బిడ్డను పట్టుకోవద్దు. కాటుక వద్దు, అందులో సీసం ఉండొచ్చు. బొడ్డుకు పసుపు, బూడిద, నూనె ఏదీ రాయకుండా పొడిగా వదిలేయాలి. మొదటి స్నానం కనీసం ఒక రోజు ఆగాకే.

ఇవన్నీ అవ్వకు బాలింత చెప్తే గొడవవుతుంది. కొడుకో అల్లుడో "డాక్టరమ్మ చెప్పిందవ్వా" అంటే సగం గొడవ తగ్గుతుంది. ఆ పని మగవాళ్లు తీసుకోవాలి.

4. పథ్యం పేరుతో ఎండబెట్టొద్దు

బాలింత కాయం పెట్టండి, తెలగపిండి కూర చేయండి, సముద్రం ఒడ్డు ఊళ్లలో పాల సొర చేప దొరికితే వండండి. వాటితో పేచీ లేదు. కానీ కారప్పొడి, అన్నం తప్ప ఏమీ పెట్టకుండా, నీళ్లు గుక్కెడు గుక్కెడు లెక్కపెట్టి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాలిచ్చే తల్లికి మామూలుకన్నా తిండీ నీళ్లూ రెండూ ఎక్కువే కావాలి. పప్పు, ఆకుకూరలు, గుడ్లు, చేపలు, పళ్లు, పెరుగు అన్నీ పెట్టొచ్చు. పాలివ్వడానికి కూర్చున్న ప్రతిసారీ పక్కన గ్లాసుడు నీళ్లు పెట్టండి. కాన్పయ్యాక కూడా ఐరన్, కాల్షియం మాత్రలు ఆరు నెలలు వాడాలి. ఇవి ఊళ్లో టీకాలు వేసే ప్రభుత్వ నర్సు, అంటే ఏఎన్ఎం దగ్గర ఉచితంగా దొరుకుతాయి.

5. ఆశా కార్యకర్త వచ్చే రోజులు రాసిపెట్టుకోండి

ఆసుపత్రి కాన్పయితే ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ చూడాలి. రాకపోతే ఫోన్ చేసి పిలవండి. అది ఆమె డ్యూటీయే, మొహమాటం అక్కర్లేదు. నెల్లోపు బిడ్డ పాలు తాగడం మానేసినా, నిమిషానికి 60 సార్లో అంతకన్నా ఎక్కువో ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు కాలుతున్నా, చల్లబడిపోయినా, ఫిట్స్ వచ్చినా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా ఇంటి వైద్యాలు పెట్టుకోకుండా 108కి ఫోన్ చేయాలి.

ప్రధానమంత్రి మాతృవందన పథకం కింద అర్హత ఉన్నవాళ్లకు తొలి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడబిడ్డ పుడితే 6,000 వస్తాయి. ఆ కాగితాల పని తండ్రో తాతో చూసుకుంటే మంచిది.

6. తల్లి మనసును కనిపెట్టుకుని ఉండండి

కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడటం చాలామందికి ఉంటుంది. నిద్ర, ఓదార్పు దొరికితే తగ్గుతుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్రపట్టకపోతే, బిడ్డ మీద ఆసక్తి లేకపోతే, బతకాలని లేదన్నట్టు మాట్లాడితే అది డిప్రెషన్ కావచ్చు. అది పొగరూ కాదు, గాలి సోకడమూ కాదు, మందులతో, మాటలతో తగ్గే జబ్బు. పాలిస్తూ వాడగలిగే మందులు కూడా ఉన్నాయి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. తనకు గానీ బిడ్డకు గానీ హాని చేసుకుంటానంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

"మళ్లీ ఆడపిల్లేనా", "నీ పాలల్లో బలం లేదు", "మేం ఐదుగురిని పెంచలేదా" లాంటి మాటలు ఆ గదిలోకి రానివ్వకండి. అనేవాళ్లను గుమ్మం దగ్గరే ఆపే మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి. ఆ మనిషి బాలింత వాళ్ల అమ్మ అయితే ఇంకా మంచిది.

7. పుట్టింటి నుంచి వెళ్లే రోజుకు ముందే ఏర్పాటు చేయండి

మన వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే. మూడో నెలో ఐదో నెలో మంచి రోజు చూసి, సారె పెట్టి పంపిస్తారు. చీరలు, స్వీట్లు, ఉయ్యాల అన్నీ గుర్తుంటాయి. కానీ అక్కడికి వెళ్లాక రాత్రి బిడ్డ ఏడిస్తే ఎవరు లేస్తారు, పొద్దున వంట ఎవరిది అన్నది ఎవరూ మాట్లాడుకోరు. అప్పటిదాకా అమ్మ చేసిన పనంతా ఒక్కరోజులో ఆ పిల్ల నెత్తిన పడుతుంది. భర్త బెంగళూరులోనో హైదరాబాదులోనో పని చేస్తుంటే, పైగా కొత్త ఊళ్లో అద్దె ఇల్లయితే, చెప్పనే అక్కర్లేదు. చాలామంది తల్లిపాలు మాన్పించి డబ్బాపాలు మొదలుపెట్టేది ఈ మలుపులోనే.

అందుకని పంపించడానికి కొన్ని వారాల ముందే రెండు కుటుంబాలూ కూర్చుని మాట్లాడుకోవాలి. మొదటి నెల అత్తగారో, అమ్మో, పెద్దమ్మో ఎవరో ఒకరు అక్కడ ఉండాలి. భర్త ఏ పనులు చేస్తాడో అతని నోటితోనే చెప్పించాలి. రాత్రి పొత్తిగుడ్డలు మార్చడం, తేపించడం, ఆదివారం వంట, టీకా తేదీలు గుర్తుపెట్టుకోవడం... పాలివ్వడం తప్ప తండ్రికి చేతకాని పని ఏదీ లేదు. తల్లి ఉద్యోగస్తురాలైతే మొదటి రెండు కాన్పులకు చట్టప్రకారం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంటుంది. అది ఎప్పుడు అయిపోతుందో లెక్కచూసుకుని, పాలు పిండి శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టడం ముందే అలవాటు చేయాలి. టీకాలు 6, 10, 14 వారాలకు పడతాయి, సరిగ్గా ఊరు మారే సమయానికే. కార్డు పుట్టింట్లో మరిచిపోకుండా సంచిలో పెట్టండి. ఏ ఊళ్లోనైనా ఆ కార్డు చూపించి వేయించుకోవచ్చు.

8. పని చేస్తూనే బిడ్డతో మాట్లాడండి

పుట్టిన బిడ్డకు ఒక జానెడు, జానెడున్నర దూరంలోని ముఖమే బాగా కనిపిస్తుంది. అంటే ఒడిలో ఉన్నప్పుడు తల్లి ముఖం. రెండో నెలలో "ఉంగా" అనడం మొదలుపెడుతుంది. అప్పుడు మీరూ "ఉంగా" అని ఆగండి. బిడ్డ మళ్లీ అంటుంది. వంతులవారీగా మాట్లాడుకోవడం బిడ్డ నేర్చుకునేది అలాగే. బియ్యం ఏరుతూ, బట్టలు మడుస్తూ చేస్తున్న పనిని చెప్తూ ఉండండి: "ఇది నాయన చొక్కా, ఇది నీ గౌను." ఇంగ్లీషులో మాట్లాడాలని తంటాలు పడొద్దు. మీ నోట సహజంగా వచ్చే తెలుగే బిడ్డకు కావాలి.

బొమ్మలకు డబ్బు తగలేయొద్దు. ఐదారు నెలల నుంచి స్టీలు గిన్నె, చెంచా ఇస్తే గంటసేపు వాయిస్తుంది. రంగు వేయని ఉదయగిరి చెక్క గరిటె నున్నగా, పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. చీలిక లేదని చూసి ఇవ్వండి. నోట్లో పట్టేంత చిన్న వస్తువులు మాత్రం అందనివ్వొద్దు. వాకర్ కొనకండి. దానివల్ల నడక తొందరగా రాదు, దెబ్బలు తగులుతాయి. రెండేళ్లలోపు ఫోన్, టీవీ వద్దు. ఊళ్లో లేని తండ్రితో వీడియో కాల్‌కు అభ్యంతరం లేదు.

9. ఆరు నెలలు నిండాక తిండి, ముఖ్యంగా నీళ్లు

తల్లిపాలు కొనసాగిస్తూనే మెత్తగా పిసికిన పప్పన్నం, రాగి సంగటి, ఉడికిన గుడ్డు, ముల్లు లేకుండా చూసిన చేప మొదలుపెట్టొచ్చు. మొదట రోజుకు రెండు మూడుసార్లు, రెండు మూడు చెంచాలు. పల్చటి జావతో పొట్ట నిండుతుంది గానీ బలం రాదు. చెంచా వంచితే కారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. ఏడాది లోపు ఉప్పు, చక్కెర అక్కర్లేదు. వేరుశనగ గింజలు, శనగలు గింజల్లా పెడితే గొంతులో అడ్డుపడతాయి, పొడి చేసి కలపండి. ఏడో నెల నుంచి మూడేళ్లదాకా అంగన్‌వాడీలో ఇచ్చే సరుకు బిడ్డదే, ఇంటిల్లిపాదికీ వండేయకండి.

కనిగిరి, పొదిలి, దర్శి, ఉదయగిరి ప్రాంతాలవాళ్లు ఇక్కడ మరింత జాగ్రత్తపడాలి. అక్కడ చాలా బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. పసితనంలోనే లోపల తయారవుతుండే శాశ్వత దంతాల మీద మచ్చలు పడతాయి, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు దెబ్బతింటాయి. కాచితే పోతుందనుకుంటారు. పోదు సరికదా, నీళ్లు ఆవిరై మిగిలినవాటిలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. బిడ్డకు తాగడానికే కాదు, వండటానికి కూడా ఆర్‌ఓ నీళ్లో, సరఫరా అయ్యే శుద్ధి చేసిన నీళ్లో వాడాలి. తల్లి అలాంటి నీళ్లు తాగినా ఆమె పాలలోకి వచ్చే ఫ్లోరైడ్ చాలా తక్కువ. బోరు నీళ్లతో కలిపిన డబ్బాపాల విషయం అలా కాదు. ఈ ఊళ్లలో తల్లిపాలకు ఇది ఇంకో కారణం.

10. ఎదుగుదలను కార్డుతో పోల్చి చూడండి

టీకాల కార్డులోనే బరువు గీత, ఏ నెలకు ఏం చేయాలో బొమ్మలు ఉంటాయి. పక్కింటి పిల్లతో పోల్చకండి, దానితో పోల్చండి. పిల్లలందరూ ఒకే రోజు నడవరు. కానీ మూడో నెల దాటినా నవ్వకపోతే, ఐదో నెలకూ మెడ నిలవకపోతే, తొమ్మిదో నెల దాటినా ఆనుకోకుండా కూర్చోకపోతే, ఏడాదికి పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే, ఏడాదిన్నరకు నడకా ఒక్క మాటా రాకపోతే, వచ్చిన మాటలు పోతే చూపించాలి. "వాళ్ల నాయనకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని ఆగొద్దు. వినికిడి లోపమైతే ఎంత తొందరగా పట్టుకుంటే అంత మేలు.

ముందు ఏఎన్ఎంకు గానీ, పిల్లలను పరీక్షించే ప్రభుత్వ కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే కింద అంగన్‌వాడీకి వచ్చే డాక్టర్లకు గానీ చెప్పండి. అవసరమైతే వాళ్లే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి రాసిస్తారు. పరీక్షలూ థెరపీ అక్కడ ఉచితం. డాక్టరు ముందు బిడ్డ బిగుసుకుపోవచ్చు, కాబట్టి ఇంట్లో ఎలా ఆడుతుందో, పిలిస్తే ఏం చేస్తుందో ఫోన్‌లో చిన్న వీడియో తీసుకుని, కార్డుతో పాటు పట్టుకెళ్లండి.