కొత్తగా వీణ పట్టినవారు శ్రుతి చేసుకోవడం ఎలా?

వీణ నేర్చుకోవాలని వచ్చేవారిలో చాలామంది మొదటి రోజే పాట అడుగుతారు. శ్రుతి చేసే పనిని, అంటే తీగలను సరైన స్వరాలకు బిగించే పనిని, గురువుగారికో, ఇంట్లో సంగీతం తెలిసిన పెద్దలకో వదిలేస్తారు. ఇది మంచి పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం. ఎవరో శ్రుతి చేసి ఇచ్చిన వీణ మీద ఏడాది సాధన చేసినా చెవి ఎదగదు. తీగ ఎంత తగ్గిందో, ఎంత పెరిగిందో వినిపించని చెవితో రేపు గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికే సొగసు) పలికించడం జరగని పని. అందుకే మొదటి నెల అసలు పాఠం శ్రుతి చేయడమే అనుకోండి. స్వరాలు దాని వెంట మెల్లగా వస్తాయి.

వీణ ఎంచుకోవడం

ఉత్తరాంధ్ర వారికి ఈ వాద్యం ఇంటి పక్కనే ఉంది. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు తరతరాలుగా పనస కర్రతో వీణలు చేస్తున్నారు. కుండ (నాదం పలికే గుండ్రని డొల్ల భాగం), దండి (పొడవైన మెడ) ఒకే మానులో చెక్కిన ఏకాండ వీణకు బొబ్బిలి పెట్టింది పేరు. విజయనగరం నుంచి బొబ్బిలికి రైలూ ఉంది, బస్సూ ఉంది. ఫోనులో ఫొటో చూసి తెప్పించుకోవడం కన్నా, కాస్త తెలిసినవారిని వెంటబెట్టుకుని వెళ్లి వాయించి చూసి కొనడం ఎంతో మేలు.

అక్కడ ఒక విషయం మరచిపోవద్దు. సన్మానాల్లో ఇచ్చే చిన్న వీణలు చూడముచ్చటగా ఉంటాయి, కానీ అవి అలంకారానికి చేసినవి. పిల్లలకు నేర్పుదామని వాటిని కొనకండి. వాయించే వీణకు 24 మెట్లు (తీగను నొక్కే అడ్డకమ్మీలు), వాయించే తీగలు నాలుగు, తాళం కోసం పక్కన మోగించే తాళం తీగలు మూడు ఉంటాయి. కొనేముందు సన్నని తీగను విడిగా (ఎక్కడా నొక్కకుండా) ఒకసారి, పన్నెండో మెట్టు మీద నొక్కి ఒకసారి మీటండి. రెండూ ఒకే స్వరం కావాలి, రెండోది ఒక స్థాయి పైన, అంటే పై 'స'గా పలకాలి. అది తేడాగా ఉంటే మెట్లు సరిగా కూర్చోలేదని అర్థం. మెట్లను నిలబెట్టేది తేనెమైనంతో చేసిన మేళం. దాన్ని సరిచేయడం చేసినవారికి తెలిసిన విద్య, మనం చేయి పెట్టకూడదు.

తీగలను గుర్తుపట్టడం

నేల మీద చాప వేసుకుని బాసిపట్టు వేసి కూర్చోండి. కుండ కుడివైపు నేల మీద, బుర్ర (దండి రెండో చివర ఉండే చిన్న సొరకాయ లాంటి భాగం) ఎడమ తొడ మీద ఆనాలి. నడుము వంగితే పది నిమిషాలకే నొప్పి మొదలవుతుంది.

వాయించే తీగల్లో అన్నిటికన్నా సన్ననిది సారణి, అంటే మధ్యస్థాయి షడ్జం ('స'). తర్వాతిది పంచమం, ఇది మంద్రస్థాయి (కింది స్థాయి) 'ప'. మూడోది మంద్రం, మంద్రస్థాయి 'స'. నాలుగోది అనుమంద్రం, అంతకన్నా కింది 'ప'. పక్కనున్న మూడు తాళం తీగలు వరుసగా మధ్య 'స', మధ్య 'ప', తారస్థాయి (పై స్థాయి) 'స'. ఇంతే. ఏడు తీగలున్నా ఉన్న స్వరాలు రెండే, 'స', 'ప'. ఈ మాట గుర్తుంటే భయం సగం పోతుంది.

శ్రుతి చేయడం

ముందు ఆధార షడ్జం, అంటే మిగతా స్వరాలన్నిటికీ ఆధారమయ్యే 'స' ఎంత ఎత్తున ఉండాలో నిర్ణయించుకోవాలి. చాలా వీణలు రెండున్నర శ్రుతి (హార్మోనియం మీద D#) నుంచి నాలుగు శ్రుతి (F) మధ్య హాయిగా పలుకుతాయి. మీ వీణకు వేసిన తీగలు దేనికి తగినవో కొన్నచోటే అడగండి. అంతకు మించి బిగిస్తే సారణి పుటుక్కున తెగుతుంది.

శ్రుతి పెట్టె గానీ, ఫోనులో తంబూర గానీ పెట్టుకోండి. ఇప్పుడు బిరడ (తీగను బిగించే మర) ముట్టుకోకండి. కళ్లు మూసుకుని తంబూర వింటూ నోటితో 'సా' అనండి. గొంతు తంబూరలో కలిసిపోయిందని అనిపించేవరకు అనండి. గొంతులో కుదరనిది తీగ మీద కుదరదు. గొంతు బాగుండదని సిగ్గుపడేవారు కూడా ఈ పని దాటవేయకూడదు, ఇది పాడటం కోసం కాదు, వినడం కోసం.

తర్వాత సారణి మీటండి. మీ గొంతు కన్నా కింద ఉందా, పైన ఉందా? పైన ఉన్నా సరే, ముందు బిరడను వదులు చేసి తీగను కిందికి దించండి. అక్కడి నుంచి మెల్లగా పైకి తీసుకురండి. పై నుంచి దించి ఆపిన తీగ నిలవదు, కాసేపటికే ఇంకా జారుతుంది. తిప్పేటప్పుడు బిరడను రంధ్రంలోకి కొద్దిగా నెడుతూ తిప్పాలి. ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో మీటుతూనే ఉండాలి. మీటకుండా తిప్పడం చీకట్లో నడవడమే.

'స'కు దగ్గర పడేకొద్దీ ఒక విచిత్రం వినిపిస్తుంది. తంబూర నాదం, తీగ నాదం కలిసిన చోట 'వూఁ... వూఁ... వూఁ' అని అల లేస్తుంది. రెండు నాదాల మధ్య ఎంత తేడా ఉంటే అల అంత వేగంగా కొట్టుకుంటుంది. సెకనుకు మూడు కంపనాల తేడా ఉంటే సెకనుకు మూడు అలలు. బిరడ వెంట్రుకవాసి కదిపితే అల నెమ్మదిస్తుంది, ఇంకొంచెం కదిపితే ఇంకా పొడుగవుతుంది, చివరికి ఆగిపోతుంది. ఆ ఆగిన చోటే శ్రుతి. అల మళ్లీ వేగం అందుకుంటే దాటిపోయారన్నమాట, మళ్లీ కిందికి దించి రండి. ఈ చివరి సవరింపు బిరడతో కష్టం. నాగపాశం (కుండ చివర తీగలు కట్టే చోటు) దగ్గర తీగకు ఉండే లంగరును (జరిపే చిన్న ఉంగరాన్ని) కొద్దిగా జరపండి. ఎటు జరిపితే నాదం పెరుగుతుందో ఒకసారి చెవితో చూసుకుంటే ఇక మరచిపోరు.

అల వినడం సాధన చేయడానికి అన్నిటికన్నా మంచి చోటు తాళం తీగల్లోని మధ్య 'స'. అది, సారణి ఒకే స్వరం. సారణి కుదిరాక ఆ తీగను కావాలనే కొద్దిగా తగ్గించి, రెండూ కలిపి మీటి, అలను ఆపండి. మళ్లీ తగ్గించండి, మళ్లీ ఆపండి. రోజూ కాసేపు ఈ ఒక్క పని చేస్తే కొద్ది వారాల్లోనే చెవి తెరుచుకుంటుంది. ఇంతకన్నా మంచి తొలి పాఠం నాకు తెలియదు.

మిగతా తీగలకు తంబూరతో పాటు వీణే సాక్ష్యం చెబుతుంది. పంచమం తీగను ఐదో మెట్టు మీద నొక్కితే విడి సారణి పలికిన 'స' పలకాలి. మంద్రం తీగ ఏడో మెట్టు మీద విడి పంచమం పలకాలి. అనుమంద్రం ఐదో మెట్టు మీద విడి మంద్రం పలకాలి. నాలుగూ కుదిరాక తాళం తీగలకు వెళ్లండి. అవి అయ్యాక మళ్లీ సారణి చూడండి. అన్ని తీగల బిగువూ పెరిగాక మొదటిది కొద్దిగా తగ్గడం మామూలే. అందుకే చుట్టు రెండోసారి తిరగాలి.

ఫోనులో సూది చూపించే ట్యూనర్ వాడవచ్చా? సరిచూసుకోవడానికి వాడండి, చేయడానికి వద్దు. మామూలు ట్యూనర్ ఒక స్థాయిని పన్నెండు సమభాగాలు చేసిన స్వరపట్టికకు తయారైనది. షడ్జంతో 3:2 నిష్పత్తిలో పలికే శుద్ధ పంచమం కన్నా అది చూపే పంచమం రెండు సెంట్లు (ఒక మెట్టు దూరంలో నూరో వంతు ఒక సెంటు) తక్కువ. తేడా చాలా చిన్నది, కానీ తాళం తీగలు నిరంతరం మోగే వాద్యంలో పండిన చెవి దాన్ని పట్టుకుంటుంది. కళ్లకు పని అప్పగిస్తే చెవి బద్ధకిస్తుందన్నదే అసలు భయం.

బిరడ జారితే, తీగ నిలవకపోతే

బిరడ జారుతుంటే దాన్ని బయటికి తీసి, రంధ్రంలో తిరిగే భాగానికి సుద్దముక్క రాయండి. మన దగ్గర వానాకాలం తేమకు కర్ర ఉబ్బి బిరడ బిగుసుకుంటుంది. అప్పుడు బలం పెట్టి మెలితిప్పకండి, మెల్లగా అటూ ఇటూ కదుపుతూ బయటికి లాగండి. కొత్త తీగ కొన్ని రోజులు సాగుతూనే ఉంటుంది, అది తప్పు కాదు. వేసవిలో వీణను కిటికీ ఎండలో పెట్టడం మాత్రం తప్పే. మేళం మెత్తబడి మెట్లు కదులుతాయి.

తొలి స్వరాలు

సరళీ వరుసలు (తొలి స్వర పాఠాలు) మాయామాళవగౌళ రాగంలో మొదలవుతాయి. సారణి మీద విడి తీగ 'స'. మొదటి మెట్టు 'రి', నాలుగు 'గ', ఐదు 'మ', ఏడు 'ప', ఎనిమిది 'ద', పదకొండు 'ని', పన్నెండు పై 'స'. ఎడమచేతి చూపుడువేలు, నడిమివేలు జంటగా, మెట్టుకు ఆనుకుని ఎడమ పక్కన ఉండాలి. గట్టిగా అదిమితే తీగ సాగి స్వరం పైకి పోతుంది. ఇంత కష్టపడి చేసిన శ్రుతి అక్కడ పాడవుతుంది. నాదం స్పష్టంగా వచ్చేంత బలం చాలు. వేళ్లు సాఫీగా జరగడానికి ఒక చుక్క కొబ్బరినూనె రాసుకోవచ్చు.

కుడిచేతి చూపుడువేలు, నడిమివేలితో మీటుతూ, చిటికెనవేలితో తాళం తీగలు పలికించాలి. ఈ రెండూ కలవడానికి సమయం పడుతుంది. అందుకే మొదట విడి 'స' మీదే తాళం వేయండి. ప్రతి స్వరాన్నీ మీటేముందు నోటితో అనండి, తాళం తీగల నాదంలో అది కలిసిందో లేదో వినండి. ఒకటో కాలంలో (నెమ్మది వేగంలో) ఎనిమిది స్వరాలూ అలా కలిసేవరకు రెండో కాలం మొదలుపెట్టవద్దు. సాధన మధ్యలో ఒకసారి ఆగి సారణిని, పక్క 'స'ను కలిపి మీటండి. అల వినిపిస్తే స్వరాలు పక్కనబెట్టి ముందు శ్రుతి చూసుకోండి.