రాధామనోహరం కొమ్మ వేరు పట్టాలంటే

అల్లూరులో మా అమ్మ వాళ్ల పాత ఇల్లు పడగొడతారని తెలియగానే నాకు ముందు గుర్తొచ్చింది పెరటి గోడ మీది రాధామనోహరం. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగుకి తిరిగి, ఆ తర్వాత ఎర్రబడే ఆ గుత్తుల పక్కనే మంచాలు వేసుకుని పెరిగాం. అంత పాత తీగ మొదలంటా తవ్వితే బతకదు. కొమ్మలు తెచ్చుకోవడమే దారి.

మొదటిసారి రోహిణి కార్తె ఎండల్లో పన్నెండు కొమ్మలు తెచ్చి గుచ్చాను. పది రోజులకే చిగుళ్లు వచ్చాయని సంబరపడ్డాను. మూడో వారానికి అన్నీ వాడిపోయాయి. పీకి చూస్తే ఒక్కదానికీ వేరు లేదు. కొమ్మ తనలో దాచుకున్న ఆహారంతోనే చిగురు వేస్తుంది. ఆలోపు వేరు రాకపోతే ఎండిపోతుంది. అందుకే చిగురు చూసి వేరు పట్టిందనుకోవద్దు.

మన నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచే కదా. ఇల్లు ఇంకా నిలిచే ఉంది కాబట్టి స్వాతి కార్తెలో మళ్లీ వెళ్లాను. ఎండ తగ్గి, గాలిలో తేమ ఉండే రోజులవి.

కొమ్మ ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. లేత పచ్చ కొమ్మ కుళ్లిపోతుంది, బాగా ముదిరినదానికి వేరు త్వరగా రాదు. వంచితే కొంచెం బిగువుగా వంగేది, పెన్సిల్ మందంలో ఉండేది, పూలు లేనిది చూసుకోండి. ఆకు రాలినచోట కాడ ముల్లులా మిగిలిపోతుంది, చేతులు జాగ్రత్త. పొద్దున్నే కోసి తడిగుడ్డలో చుట్టాను. బస్సులో నెల్లూరు చేరేదాకా గుడ్డ ఆరనివ్వలేదు.

మూడు నాలుగు కణుపులుండేలా జానెడు ముక్కలు చేయండి. అడుగున కణుపు కిందుగా ఏటవాలుగా, పైన అడ్డంగా కోస్తే తలకిందులుగా నాటే పొరపాటు జరగదు. వేర్లు ఎక్కువగా కణుపు దగ్గరే పుడతాయి. కింది ఆకులు తీసేసి, పైన రెండు ఆకులు ఉంచి వాటినీ సగానికి కత్తిరించండి. రూటింగ్ పౌడర్ (వేరు రావడానికి వాడే పొడి) ఉంటే అడుగున కోసిన చోట అద్దండి.

కుండీల్లో నింపడానికి రెండు వంతులు కడిగిన పెన్న ఇసుక, ఒక వంతు కొబ్బరిపొట్టు కలపండి. ఎరువు వద్దు. ముందు పుల్లతో కన్నం చేసి, రెండు కణుపులు లోపలికి పోయేలా నాటి చుట్టూ అదమండి. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఈసారి వాననీళ్లు పట్టి పోశాను. అడుగు కోసిన నీళ్ల బాటిల్ పైన బోర్లించి, మూత తీసి ఉంచాను. కుండీలను వరండాలో, వెలుగు తగిలి ఎండ తగలని చోట పెట్టాను. ముసురు రోజుల్లో నీళ్లు అసలు పోయలేదు.

ఆరు వారాల దాకా కదపకండి. తర్వాత మెల్లిగా లాగితే కొమ్మ పట్టుకున్నట్టు ఉండాలి. కుండీ కన్నంలో తెల్లటి వేరు కనిపిస్తే ఇక టెన్షన్ లేదు. అప్పుడు బాటిల్‌ని రోజూ కాసేపు తీస్తూ, వారానికి పూర్తిగా తీసేయండి.

ఈసారి ఏడు బతికాయి. ఒకటి కావలిలో ఉన్న మా చెల్లెలికిచ్చాను. నాది మేడమెట్ల పక్కన, ఎండ బాగా తగిలే చోట నాటి గట్టి ఇనుప తీగ కట్టాను. రాధామనోహరం బరువుకి పురికొస ఆగదు.