సామెతలు 31 చదివి టెన్షన్ పడే అమ్మలకు

మదర్స్ డే వస్తే చాలు, బైబిల్లో గుణవతియైన భార్యను వర్ణించే సామెతలు 31వ అధ్యాయం చదివి వినిపిస్తారు. తెల్లారకముందే లేచే ఆ గుణవతిని తలుచుకుని, రోజూ బందరు రోడ్డు ట్రాఫిక్‌లో పడి ఆఫీసుకెళ్లే అమ్మకి టెన్షనే మిగులుతుంది. నేనైతే బైబిల్లోనే ఉన్న మరో తల్లి, సమూయేలు ప్రవక్తను కన్న హన్నాతో మొదలుపెట్టమంటాను.

ముందు ప్రార్థన. 1 సమూయేలు 1లో బిడ్డ కోసం ప్రార్థించినప్పుడు ఆవిడ పెదవులు కదిలాయి గానీ స్వరం వినపడలేదు, యాజకుడైన ఏలీ తాగి ఉందనుకున్నాడు కూడా! అంటే గట్టిగా, గంటసేపు చేస్తేనే ప్రార్థన అని ఎక్కడా లేదు. కుక్కర్ విజిల్ వచ్చేలోపు పిల్లవాడి పేరు, వాడి ఇవాళ్టి భయం ఒక్కటి చెప్పుకోండి. ఆ భయమేంటో తెలియకపోతే ముందు వాణ్ణే అడగాలి.

తర్వాత వాక్యం. ద్వితీయోపదేశకాండము 6:7 ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమంటుంది, కాబట్టి స్కూలుకి దింపేటప్పుడు బండి మీద ఒక చిన్న కథ చాలు, దాని మీద మళ్లీ పరీక్ష పెట్టకండి (మనవాళ్లకి అదో అలవాటు). తన శిష్యుడు తిమోతిలోని విశ్వాసం ముందు అతని అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉందని అపొస్తలుడైన పౌలు రాశాడు. ఊళ్లో ఉన్న నాయనమ్మకో అమ్మమ్మకో ఫోన్ కలిపివ్వండి, కథ ఆవిడే చెబుతుంది.

పిల్లలు గుంటూరులోనో విజయవాడలోనో ఇంటర్ హాస్టల్లో ఉంటే? దేవుని సేవకి ఇచ్చేశాక షిలోహు మందిరంలో ఉన్న కొడుకు సమూయేలుకి హన్నా ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది. వాడు ఎంత ఎదిగాడో దూరం నుంచే లెక్కేసుకునుంటుంది కదా. మీరూ ఔటింగ్ రోజు గోంగూర పచ్చడి సీసాతో వెళ్లి, మార్కుల సంగతి ఎత్తకముందే చొక్కా బిగుతైందా, నిద్ర పడుతోందా అని అడగండి.