ప్రాగ్ నుంచి బుడాపెస్ట్‌కు కారులో: దారిలో వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ మధ్య తిరిగితే చెక్, ఆస్ట్రియా, స్లొవేకియా, హంగరీ నాలుగూ తగులుతాయి. నాలుగూ షెంగెన్ దేశాలే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాలు, కాబట్టి చాలాచోట్ల పొలాల మధ్య ఒక నీలం బోర్డు దాటగానే దేశం మారిపోతుంది, ఎవరూ ఆపరు. కానీ రోడ్డు పన్ను, మద్యం రూలు, చెల్లించే డబ్బు ఆ బోర్డు దగ్గరే మారతాయి. ఈ ప్రయాణంలో ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం అక్కడ పుట్టేవే.

సమస్య: వీసా దరఖాస్తు ఏ దేశానికి పెట్టాలో తేలడం లేదు

విమానం ప్రాగ్‌లో దిగుతుంది కాబట్టి చెక్‌కే పెట్టాలని చాలామంది అనుకుంటారు. షెంగెన్ నియమం ప్రకారం ఎక్కువ రోజులు ఉండే దేశానికి పెట్టాలి. రోజులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది. కాబట్టి హోటల్ రాత్రులు దేశాలవారీగా లెక్కపెట్టుకున్నాకే ఫారం నింపండి.

వీసా చేతికొచ్చాక ఆర్టీవోలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. అది ఏడాది చెల్లుతుంది. మన లైసెన్సు కార్డు కూడా దాంతోపాటే ఉండాలి, పర్మిట్ ఒక్కటే చూపిస్తే సరిపోదు. జర్మనీలో ఉంటూ అక్కడి లైసెన్సు తీసుకున్న మనవాళ్లకు ఈ పని లేదు, అది ఈ నాలుగు దేశాల్లోనూ చెల్లుతుంది.

సమస్య: కారు అద్దె కంటే, వేరే దేశంలో వదిలేసినందుకు పడే రుసుమే ఎక్కువ

ప్రాగ్ నంబరు కారును బుడాపెస్ట్‌లో వదిలేస్తే, దాన్ని వెనక్కి తెచ్చుకునే ఖర్చు సంస్థ మీ మీదే వేస్తుంది. తీసుకున్న చోటే తిరిగి ఇచ్చేలా చుట్టు దారి వేసుకోవడమే దీనికి మందు. వెళ్లేటప్పుడు పల్లెదారుల్లో నిదానంగా వెళ్లి, బుడాపెస్ట్ నుంచి బ్రాటిస్లావా, బర్నో మీదుగా హైవే పట్టుకుంటే ఒక్క పగటిలో ప్రాగ్ చేరతారు. వెళ్లబోయే దేశాలన్నీ బుకింగ్ అప్పుడే చెప్పి, అనుమతి కాగితం మీద రాయించుకోండి. అనుమతి లేని దేశంలో ప్రమాదం జరిగితే బీమా అక్కరకు రాకపోవచ్చు. డిపాజిట్ కోసం డ్రైవరు పేరుమీదే ఉన్న క్రెడిట్ కార్డు అడుగుతారు. గేర్లు మార్చడం అలవాటు లేనివాళ్లు ఆటోమేటిక్ కారు ముందే బుక్ చేసుకోవాలి, అక్కడ మాన్యువల్ కార్లు చాలా ఎక్కువ.

సమస్య: ఇంటికొచ్చిన కొన్ని వారాలకు జరిమానా నోటీసు

చాలాసార్లు కారణం విగ్నెట్. అంటే హైవే వాడుకోవడానికి రోజుల లెక్కన ముందే కట్టే పన్ను. ఈ దారిలోని హైవేల మీద కార్లకు మనలా టోల్ ప్లాజాలు కనపడవు, ఆపి అడిగేవాళ్లు ఉండరు, కెమెరా నంబరు ప్లేటు చదువుతుంది. హంగరీలో 2008 నుంచి, స్లొవేకియాలో 2016 నుంచి, చెక్‌లో 2021 నుంచి ఇది పూర్తిగా నంబరు ప్లేటుకు కట్టిన ఎలక్ట్రానిక్ లెక్క. ఆస్ట్రియాలోనూ డిజిటల్ విగ్నెట్ దొరుకుతుంది. ఒక దేశంలో కొన్నది పక్క దేశంలో చెల్లదు.

అద్దెకారు నంబరు తాళం చేతికొచ్చేదాకా తెలియదు కాబట్టి ముందే కొనడం కుదరదు. అందుకే ఆ సంస్థ పార్కింగ్‌లోనే పది నిమిషాలు ఆగి, ఫోన్లో అధికారిక సైట్లలోనే కొనండి. మధ్యవర్తుల సైట్లు అదే విగ్నెట్‌ను ఎక్కువ ధరకు అమ్ముతాయి. నంబరు కొట్టేటప్పుడు సున్నాకు బదులు ఓ అక్షరం పడకుండా, కారు రిజిస్టరైన దేశం తప్పుగా ఎంచకుండా ఒకటికి రెండుసార్లు చూసుకోండి. చెక్ కారుకు చెక్ విగ్నెట్ ఉందో లేదో కౌంటర్‌లోనే అడగండి. రసీదులు కొన్ని నెలలపాటు దాచిపెట్టుకోండి.

స్పీడు జరిమానా రెండో కారణం. ఊరి పేరున్న బోర్డు కనపడిందంటే, వేరే అంకె రాసి లేకపోతే, అక్కడినుంచి 50 కిలోమీటర్లే. ఆ పేరు మీద ఎర్ర గీత కొట్టిన బోర్డు వచ్చేదాకా అంతే.

సమస్య: రోజంతా నడిపాం, కనపడింది హైవే పక్క గోడలే

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకునేది ఇదే. మ్యాప్‌లో రెండు నగరాల పేర్లు కొడితే అది వేగమైన దారి ఇస్తుంది, అందమైన దారి ఇవ్వదు. 'టోల్ రోడ్లు వద్దు' అని ఎంచుకున్నా సగం పనే అవుతుంది. ఊళ్లను మీరే ఒక్కొక్కటిగా చేర్చాలి.

ప్రాగ్ నుంచి తాబోర్ మీదుగా త్రెబొన్ వెళ్లండి. ఆ చుట్టుపక్కలంతా చేపల చెరువులే. రోజ్మ్‌బెర్క్ చెరువును చెరువుల నిపుణుడు యాకుబ్ క్రచీన్ 1584 నుంచి 1590 వరకు తవ్వించాడు. కాకతీయుల చెరువు కట్టల మీద నడిచినవాళ్లకు ఆ కట్ట సొంతూరిదిలాగే ఉంటుంది. అక్కడినుంచి చెస్కీ క్రుమ్‌లోవ్, వల్తావా నది మెలికలో ఇమిడిన ఊరు, 1992 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. రాత్రికి అక్కడే ఉండండి. పగటి బస్సులు వెళ్లిపోయాక ఊరు వేరేగా ఉంటుంది.

మర్నాడు లింజ్ దాటి మెల్క్ మఠం. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా డాన్యూబ్ వెంట సుమారు 35 కిలోమీటర్లు వాఖావ్ లోయ, రాతి గట్ల మీద ద్రాక్షతోటలు, ఆప్రికాట్ చెట్లు. ఇక్కడ మ్యాప్ తికమక పెడుతుంది. అవతలి ఒడ్డు ఊరు కళ్లెదురుగా ఉంటుంది, మ్యాప్ మాత్రం బోలెడు దూరం చూపిస్తుంది. మెల్క్‌కూ క్రెమ్స్‌కూ మధ్య నదిమీద వంతెన లేకపోవడమే కారణం. స్పిట్జ్, వైసెన్‌కిర్షెన్ దగ్గర కార్లనూ ఎక్కించుకునే పంట్లు ఉన్నాయి. వేళలు చూసుకుని వెళ్లాలి. ఉత్తరపు ఒడ్డు రోడ్డు పట్టుకుంటే డ్యూర్న్‌స్టైన్ తగులుతుంది. ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను 1192లో బంధించి ఉంచిన కోట శిథిలాలు కొండమీద ఇప్పటికీ ఉన్నాయి.

వియన్నా తర్వాత బ్రాటిస్లావా నుంచి స్లొవేకియా వైపు ఒడ్డునే 63వ నంబరు రోడ్డులో ష్టూరోవో వెళ్లి, అక్కడి వంతెన మీద హంగరీలోకి దాటండి. 1944లో కూల్చేసిన ఆ వంతెన 2001 దాకా తిరిగి తెరుచుకోలేదు. ఎదురుగా ఎస్టెర్‌గోమ్ బసిలికా. తర్వాత విషెగ్రాడ్, సెంటెండ్రె మీదుగా 11వ నంబరు రోడ్డు నదిని అంటిపెట్టుకునే బుడాపెస్ట్‌కు తీసుకెళ్తుంది.

సమస్య: హోటల్ ముందు కారు పెట్టే దారే లేదు

పాత ఊళ్లు కార్ల కోసం కట్టినవి కావు. చెస్కీ క్రుమ్‌లోవ్‌లో కారు ఊరి అంచు పార్కింగ్‌లో వదిలి నడవాలి. వియన్నాలో 2022 మార్చి నుంచి దాదాపు నగరమంతా వారపు రోజుల్లో రెండు గంటల పరిమితితో రుసుము పార్కింగే. మెట్రో చివరి స్టేషన్ల దగ్గరి పార్క్ అండ్ రైడ్‌లో కారు వదలండి. బుడా కోట ప్రాంతంలోకి బయటి కార్లకు ప్రవేశం పరిమితం, బస్సులో వెళ్లడం సుఖం.

సమస్య: భోజనంతో ఒక్క గ్లాసు వైన్, తర్వాత పోలీసు తనిఖీ

ఆస్ట్రియాలో రక్తంలో మద్యం వెయ్యి పాళ్లకు 0.5 లోపు ఉంటే అనుమతి. చెక్, స్లొవేకియా, హంగరీల్లో సున్నా. వాఖావ్‌లో తాగాలనుకుంటే ఆ రాత్రి అక్కడే గది తీసుకోండి.

సమస్య: తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర కార్ల బారు

హంగరీ నుంచి ఆస్ట్రియాలోకి వచ్చే దారిలో 2015 నుంచి తనిఖీలు పెడుతూ వస్తున్నారు. స్లొవేకియా మీదుగా రావాలనుకున్నా, తనిఖీ ఎప్పుడైనా పెట్టొచ్చు. పాస్‌పోర్టులు, కారు కాగితాలు డిక్కీలోని సూట్‌కేసులో కాకుండా చేతికందే చోట ఉంచండి. కారు తిరిగి ఇవ్వాల్సిన గంటకూ, విమానం గంటకూ మధ్య కనీసం సగం రోజు ఖాళీ వదలండి.